ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు? – ఇంటర్వ్యూలో దీర్ఘకాల లక్ష్యం గురించి ఎలా మాట్లాడాలి

తొలిమెట్టు

నమస్తే అందరికీ. సప్లై చెయిన్ ప్లానర్ పోస్టుకి (ఏ సరుకు ఎప్పుడు, ఎంత తెప్పించాలో లెక్కవేసే పని) నా రెండో రౌండు ఇంటర్వ్యూ వచ్చే వారం. ఎదురుగా కూర్చునేది ప్లానింగ్ మేనేజరు. “ఐదేళ్ళలో ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?” అన్న ప్రశ్న తప్పకుండా ఉంటుందని హెచ్ఆర్ ముందే చెప్పారు. రాసుకున్న జవాబు ఇది:

“ఐదేళ్ళలో మీ సంస్థలో మేనేజర్ స్థాయికి చేరాలన్నది నా లక్ష్యం. కొత్త విషయాలు నేర్చుకుంటూ, సవాళ్ళను స్వీకరిస్తూ, సంస్థ ఎదుగుదలకు నా వంతు కృషి చేస్తాను.”

చదివితే తప్పేమీ కనిపించడం లేదు, పస కూడా కనిపించడం లేదు. లోపం ఎక్కడుంది? ఎంతసేపు మాట్లాడాలి? మేనేజర్ అవుతానని మేనేజర్ ముందే అనొచ్చా?

బల్లకటువైపు

తొలిమెట్టు గారూ, ఈ జవాబునే బ్యాంకు ఉద్యోగానికీ, ఆస్పత్రి ఉద్యోగానికీ, బడిలో ఉద్యోగానికీ ఒక్క అక్షరం మార్చకుండా చెప్పొచ్చు. అంటే ఇందులో ప్లానర్ పని గురించి గానీ, ఆ సంస్థ గురించి గానీ ఒక్క ముక్క కూడా లేదన్నమాట. లోపం అక్కడే ఉంది.

ఆ ప్రశ్న అడిగేవాళ్ళకి మీ జాతకం అక్కర్లేదు. మూడు విషయాలు తేల్చుకోవాలని చూస్తారు.

ఒకటి, ఈ ఉద్యోగం మీరు వెళ్ళే దారిలో ఉందా, లేక వేరేది దొరికేదాకా తలదాచుకునే చోటా. రెండు, పని చేతికొచ్చాక కొంతకాలమైనా నిలబడతారా. ప్లానర్ విషయంలో దీనికి గట్టి కారణం ఉంది: సరుకు అమ్మకాల్లో సీజన్ ఎత్తుపల్లాలన్నీ ఒక్కసారైనా కళ్ళారా చూడాలంటే పూర్తి ఏడాది పడుతుంది. రెండో ఏడాది నుంచే ప్లానర్ వేసిన అంచనాకి విలువ వస్తుంది. పద్నాలుగో నెలలో వెళ్ళిపోయేవాళ్ళని తీసుకుంటే మేనేజర్‌కి మళ్ళీ మొదటికి వచ్చినట్టే. మూడు, ఆ వృత్తిలో పైమెట్లు ఎలా ఉంటాయో మీకు తెలుసా లేదా. ఇది మాత్రం నటించడానికి కుదరదు, రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది.

మేనేజర్ అవుతానని మేనేజర్ ముందు అనడంలో తప్పు లేదు. “ఎందుకు?” అని అడిగితే మాత్రం జవాబు ఉండాలి. మీరు రాసినదాంట్లో అది లేదు.

నిచ్చెన

బల్లకటువైపు చెప్పినదానికి కొనసాగింపుగా, జవాబు ఎలా కట్టాలో చెబుతాను. హోదాతో మొదలుపెట్టకుండా పనితో మొదలుపెట్టండి. “సీనియర్ ప్లానర్ కావాలి” అన్నది హోదా. “ఒక ప్రొడక్ట్ గ్రూపుకి ఫోర్‌కాస్ట్ (అమ్మకాల అంచనా) నుంచి రీఆర్డర్ (సరుకు మళ్ళీ తెప్పించడం) దాకా బాధ్యత నాదిగా ఉండాలి” అన్నది పని. హోదా పేర్లు సంస్థ సంస్థకీ మారతాయి. మీరు చెప్పిన పేరు వాళ్ళ దగ్గర లేకపోతే జవాబు అక్కడే ఆగిపోతుంది. పని పేరు చెబితే వాళ్ళే తమ హోదాకి అనువదించుకుంటారు.

కాలాన్ని మూడు ముక్కలు చెయ్యండి. మొదటి ఏడాది: చేరిన పనిలో ఏది పూర్తిగా చేతిలోకి రావాలి. రెండు మూడేళ్ళు: దేనికి సొంతంగా బాధ్యత తీసుకోగలరు. ఆ పైన: ఏ దిక్కుగా వెళ్తారు. మొదటి ముక్క అన్నిటికన్నా వివరంగా, చివరిది అన్నిటికన్నా వదులుగా ఉండాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పదేళ్ళ తర్వాతి కల గురించి రెండు నిమిషాలు చెప్పి, మొదటి ఏడాది గురించి “నేర్చుకుంటాను” అని వదిలేస్తారు. మిమ్మల్ని తీసుకునే మనిషికి కావలసింది ఆ మొదటి ఏడాదే.

నిడివి 60 నుంచి 90 సెకన్లు. ఇంగ్లీషు గైడ్లలో నిమిషానికి 130–150 మాటలని లెక్క చెబుతారు. తెలుగులో ఒక్కో మాటే పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆ లెక్క మనకి అక్కరకు రాదు. ఫోన్లో రికార్డు చేసి గడియారం చూసుకోండి. 90 దాటితే కోత పెట్టాల్సింది మూడో ముక్కకే.

తొలిమెట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. వాళ్ళ దగ్గర పైమెట్లు ఏమున్నాయో బయటినుంచి ఎలా తెలుసుకోవాలి?

లెక్కలచిట్టా

నాలుగు చోట్ల వెతకండి.

ఉద్యోగ ప్రకటనలో “ఎవరికి రిపోర్టు చెయ్యాలి”, “ఎవరితో కలిసి పనిచెయ్యాలి” అన్న వాక్యాలు. అదే సంస్థ ఇప్పుడు పెట్టిన మిగతా ప్రకటనలు: సీనియర్ ప్లానర్‌కీ, డిమాండ్ మేనేజర్‌కీ ఏమేం అడుగుతున్నారో పక్కపక్కన పెట్టి చూస్తే, మీకూ వాళ్ళకీ మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది. లింక్డ్‌ఇన్‌లో, నాలుగైదేళ్ళ కిందట ఇదే పోస్టులో చేరినవాళ్ళు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారో చూడండి. పది ప్రొఫైళ్ళు చాలు. అందులో ఏడుగురు బయటికి వెళ్ళిపోయి ఉంటే అది కూడా మీకు తెలియాల్సిన సంగతే. నాలుగోది, లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదిక: కొత్త గోదాములు, కొత్త ప్లాంట్లు, కొత్త ప్రాంతాల ప్రస్తావన ఉంటే మీ రెండు మూడేళ్ళ ముక్కని దానికి ముడిపెట్టొచ్చు.

చిన్న సంస్థ అయితే ఇవేవీ దొరకవు. పదిహేను మంది ఉన్నచోట నిచ్చెనే ఉండదు. అలాంటిచోట మెట్ల గురించి మాట్లాడితే “ఇక్కడ ఇమడరు” అనుకుంటారు. పని పరిధి పెరగడం గురించి చెప్పండి: మొదట స్టాకు, తర్వాత సప్లయర్లతో బేరసారాలు, ఆపైన రవాణా కూడా.

తొలిమెట్టు

వెతికాను. వాళ్ళ ప్రకటనలోనే రెండో గోదాం మొదలవుతోందని ఉంది. తిరగరాసింది ఇది, చూసి చెప్పండి (ఈఆర్పీ అంటే సంస్థ లెక్కలన్నీ నడిచే సాఫ్ట్‌వేర్, లీడ్‌టైము అంటే ఆర్డరు పెట్టాక సరుకు చేరడానికి పట్టే కాలం, సేఫ్టీ స్టాక్ అంటే అనుకోని గిరాకీకి అదనంగా ఉంచే సరుకు):

“మొదటి ఏడాదిలో మీ ఈఆర్పీ, సప్లయర్ల లీడ్‌టైములు, ఏ సరుకు ఏ నెలలో ఎలా కదులుతుందన్నది పూర్తిగా పట్టు దొరకాలి. రెండు మూడేళ్ళకల్లా ఒక ప్రొడక్ట్ గ్రూపుకి ఫోర్‌కాస్ట్, సేఫ్టీ స్టాక్, రీఆర్డర్ అన్నీ నా బాధ్యతగా చూసుకోవాలి. మీరు రెండో గోదాం మొదలుపెడుతున్నారు కాబట్టి రెండుచోట్ల స్టాకు ఎలా పంచాలన్న పని నాకు చాలా ఆసక్తి. ఐదేళ్ళకి, అమ్మకాలు, ఉత్పత్తి, కొనుగోళ్ళ విభాగాలను ఒకే నెలవారీ ప్రణాళిక మీదికి తెచ్చే పని చెయ్యాలని ఉంది. అది టీమ్‌ని నడిపే పోస్టు కావచ్చు, నిపుణుల పోస్టు కావచ్చు. నాకు చాలా నేర్చుకోవాలని ఉంది, కష్టపడి పనిచేస్తాను.”

పదునుపెన్సిల్

మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. ఒక్కో వాక్యం పట్టుకుని చూద్దాం.

“పూర్తిగా పట్టు దొరకాలి” – దొరకడం మీ చేతిలో లేని మాట. “పట్టు సాధిస్తాను” అనండి.

“నాకు చాలా ఆసక్తి” – ఆసక్తి అందరూ చెబుతారు. ఆ పనిలో చిక్కు ఎక్కడుందో ఒక్క మాట చెబితే ఆసక్తి దానంతట అదే వినపడుతుంది. ఉదాహరణకి: “రెండు గోదాములైతే సేఫ్టీ స్టాకు రెండుచోట్లా పెట్టాల్సి వచ్చి మొత్తం సరుకు పెరుగుతుంది. అది ఎంత పెరగనివ్వాలన్నది తేల్చే పని నాకు కావాలి.” ప్లానింగ్ మేనేజర్ ఈ వాక్యం దగ్గర తలెత్తి చూస్తారు, ఎందుకంటే ఆ కొత్త గోదాంతో వాళ్ళ నెత్తిన పడబోయేది సరిగ్గా అదే.

“టీమ్‌ని నడిపే పోస్టు కావచ్చు, నిపుణుల పోస్టు కావచ్చు” – ఉంచండి. ద్వారం తెరిచి పెట్టింది, దిక్కు మాత్రం పోలేదు.

చివరి వాక్యం కొట్టెయ్యండి. కష్టపడి పనిచెయ్యను అని ఎవరూ అనరు కదా. ఆ చోట, ఇప్పటికే మొదలుపెట్టిన పని ఒక్కటి చెప్పండి. ఏదైనా ఉందా?

తొలిమెట్టు

గత 24 నెలల అమ్మకాల డేటా తీసుకుని ఎక్సెల్‌లో మూవింగ్ యావరేజ్ (గత కొన్ని నెలల సగటు), ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్ (దగ్గరి నెలలకి ఎక్కువ బరువిచ్చే సగటు) అనే రెండు అంచనా పద్ధతులూ కట్టి, ఏది తక్కువ తప్పు చూపిస్తుందో పోలుస్తున్నాను. ఇది చెప్పుకోదగ్గదేనా?

పదునుపెన్సిల్

చెప్పుకోదగ్గదే కాదండీ, మొత్తం జవాబులో అదే బలమైన వాక్యం. ఏ పద్ధతికి ఎంత శాతం తప్పు వచ్చిందో అంకెతో చెప్పండి. ఏ రకం సరుకుకి ఏది నప్పలేదో కూడా ఒక ముక్క సిద్ధంగా ఉంచుకోండి. తర్వాతి ప్రశ్న దానిమీదే వస్తుంది.

ఇంకో మాట. స్మార్ట్ గోల్స్ పద్ధతిలో (ఇంగ్లీషు SMART లోని ఒక్కో అక్షరం లక్ష్యానికి ఒక్కో నియమం, చివరిది గడువు) జవాబు రాయమని చాలాచోట్ల చెబుతారు. 1981లో జార్జ్ డోరన్ అనే మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ దాన్ని ప్రతిపాదించింది సంస్థలో మేనేజర్లు లక్ష్యాలు రాసుకోవడానికి. అందులో ‘ఏ’ అక్షరానికి ఆయన ఇచ్చిన అర్థం, ఆ పని ఎవరికి అప్పగించాలో తేల్చడం. ఇంకా చేరని సంస్థలో పని ఎవరికి అప్పగించాలో మీరు తేల్చలేరు, గడువు తేదీ కూడా పెట్టలేరు. “36వ నెలకల్లా ప్రమోషన్” అంటే వినడానికి షరతులా ఉంటుంది. ఆ పద్ధతిని ఇంట్లో సొంత నోటుబుక్కులో వాడుకోండి.

రాత్రిడ్యూటీ

మిగతా రంగాలవాళ్ళూ చదువుతారు కాబట్టి కలుపుతున్నాను. పైకి వెళ్ళే దారి మేనేజర్ గది గుండా ఒక్కటే లేదు. నర్సింగ్‌లో వార్డు ఇన్‌ఛార్జి, నర్సింగ్ సూపరింటెండెంట్ ఒక దారి. ఐసీయూ, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ లాంటి చోట్ల నైపుణ్యం పెంచుకోవడం ఇంకో దారి. కొత్తగా చేరే నర్సులకి శిక్షణ ఇవ్వడం మూడోది. సాఫ్ట్‌వేర్‌లో అయితే మనుషులను చూసుకునే ఇంజనీరింగ్ మేనేజర్ దారి వేరు, సాంకేతికంగా పైకెళ్ళే స్టాఫ్, ప్రిన్సిపల్ ఇంజనీర్ దారి వేరు. టీచర్లకి తరగతిగదిలోనే ఉండి పాఠ్యప్రణాళిక వైపు వెళ్ళొచ్చు, ప్రధానోపాధ్యాయ పదవి వైపూ వెళ్ళొచ్చు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: నిపుణుల పోస్టుకి ఇంటర్వ్యూ ఇస్తూ “మనుషులను నడిపించడం నాకిష్టం” అనడం. చేతిపని వదిలి వెళ్ళిపోవాలని చూస్తున్నారని వాళ్ళకి అర్థమవుతుంది. ఏ పోస్టుకి వెళ్తున్నారో ఆ దారినే మొదట చెప్పండి.

పొద్దుతిరుగుడు

అసలు ఐదేళ్ళ లక్ష్యమే లేనివాళ్ళ సంగతేంటి? ఏదో ఒకటి అల్లి చెప్పడం ఇష్టం లేదు.

లెక్కలచిట్టా

అల్లక్కర్లేదు. లక్ష్యం లేకపోయినా మొగ్గు ఉంటుంది, అది చాలు. దాన్ని వెతకడానికి మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గార్ షైన్ చెప్పిన ‘కెరీర్ యాంకర్లు’ బాగా పనికొస్తాయి. అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయంలో ఆయన మొదట ఐదు గుర్తించారు, తర్వాత ఇంకో మూడు కలిశాయి. మొత్తం ఎనిమిది: పనిలో నైపుణ్యం, మనుషులనూ సంస్థనూ నడపడం, స్వేచ్ఛ, స్థిరత్వం, సొంతంగా ఏదైనా నిర్మించడం, సేవ, కఠినమైన సవాలు, జీవితంతో పని పొందిక. ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే ఆఖరుదాకా దేన్ని వదలరో, అదే మీ యాంకరు.

ఎనిమిదీ కాగితం మీద రాసి ఒక్కొక్కటే కొట్టేస్తూ రండి. చివరికి రెండు మిగలనివ్వండి. ఆ రెంటినీ పనిభాషలోకి మార్చండి. నైపుణ్యం, స్థిరత్వం మిగిలాయనుకోండి: “ఈ రంగంలో చిక్కు సమస్య వస్తే అందరూ నా దగ్గరికి రావాలి. ఒకేచోట ఎక్కువకాలం ఉండి ఆ లోతు సంపాదించాలని ఉంది.” ఇందులో అబద్ధం ఒక్కటి లేదు, ఐదేళ్ళ హోదా కూడా లేదు.

“స్థిరత్వం కావాలి”, “ఇంటికి సమయం కావాలి” అని అదే మాటల్లో మాత్రం చెప్పకండి. అవి తప్పుడు కోరికలేమీ కావు. అడిగింది పని దిక్కు గురించి, అవి వచ్చేది పని షరతుల కిందకి. వాటి సమయం ఆఫర్ మాట్లాడేటప్పుడు.

గడపదాటిన

వేరే రంగం నుంచి వచ్చేవాళ్ళకి, యాభై దాటినవాళ్ళకి ఈ మూడు ముక్కల పద్ధతి అతకదేమో?

బల్లకటువైపు

కాలం కుదించుకుంటే అతుకుతుంది. రంగం మారేవాళ్ళు మూడేళ్ళ గురించే మాట్లాడాలి. ఇంకా అడుగుపెట్టని రంగంలో ఐదేళ్ళ చిత్రం గీస్తే వినేవాళ్ళు నమ్మరు. పాత పనినుంచి ఏది తెస్తున్నారో అక్కడ మొదలుపెట్టండి: “ఖాతాలు చూసిన అనుభవంతో డేటా నాణ్యత పట్టుకోవడం వచ్చు. మొదటి ఏడాదిలో దానిమీద రిపోర్టింగ్ నేర్చుకుంటాను.”

వయసులో పెద్దవాళ్ళని ఈ ప్రశ్న అడిగితే లోపల ఉండే అనుమానాలు రెండు: త్వరలో విరమిస్తారా, చిన్నవాళ్ళ కింద పనిచేస్తారా. రిటైర్మెంటు ఊసు మీరుగా ఎత్తకండి. “రాబోయే కొన్నేళ్ళు ఈ పనినే లోతుగా చేస్తాను, రెండో ఏడాదినుంచి కొత్తవాళ్ళని తయారుచేస్తాను, ఎవరి కింద అన్నది నాకు పట్టింపు లేదు” అంటే రెండు అనుమానాలూ తీరతాయి.

నిచ్చెన

ఇంకో చిక్కు: రెండేళ్ళలో పైచదువులకి వెళ్ళాలనుకునేవాళ్ళు. నా అభిప్రాయం, అది చెప్పనక్కర్లేదు. ఇంకా సీటు రాలేదు, ఖర్చుకి డబ్బు కుదరలేదు. జరగని దాని గురించి చెప్పి ఉద్యోగం పోగొట్టుకోవడం దేనికి?

బల్లకటువైపు

సగం ఒప్పుకుంటాను. ఆలోచన దశలో ఉంటే చెప్పాల్సిన పని లేదు. సీటు చేతికొచ్చి, ఫీజు కట్టేసి, పది నెలల్లో వెళ్ళడం ఖాయమైతే సంగతి వేరు. అప్పుడు “ఐదేళ్ళు మీతోనే” అనడం నేరుగా అబద్ధం. శాశ్వత పోస్టు వదిలేసి, గడువున్న కాంట్రాక్టు పోస్టు వెతుక్కోవడం మేలు. అక్కడ ఈ ప్రశ్నకి జవాబు కూడా తేలిక: కాంట్రాక్టు ముగిసేలోపు ఏది పూర్తిచేసి అప్పగిస్తారో చెప్పాలి.

నిచ్చెన

సరే, ఆ తేడా నేను చెప్పలేదు, ఒప్పుకుంటున్నాను. ఖాయమైనది దాచకూడదు, ఖాయం కానిది చెప్పనక్కర్లేదు. “నేరుగా అడిగితే?” అని ఎవరైనా అంటారు కాబట్టి: “ఆలోచన ఉంది, తేదీ లేదు. చేరితే ఈ పని మధ్యలో వదలను” అనండి. రెండో వాక్యం నిజమైతేనే అనాలి.

సొంత వ్యాపారం కలకీ ఇదే వర్తిస్తుంది. “ఇక్కడ నేర్చుకుని సొంతంగా పెట్టుకుంటాను” అన్న మాట ఒక్కటి చాలు, మిగతా గంట వృథా.

రాత్రిడ్యూటీ

పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు అని దీర్ఘకాల ప్రశ్న ముసుగులో అడిగేవాళ్ళూ ఉంటారు. వివరం ఇవ్వకండి, గొడవా పడకండి. “ఈ పోస్టు షిఫ్టులు, ప్రయాణాలు నాకు కుదురుతాయి. పని పరంగా నా ఆలోచన ఇది...” అంటూ సిద్ధం చేసుకున్న జవాబులోకి వచ్చెయ్యండి.

లెక్కలచిట్టా

ఫార్మాట్ల గురించి రెండు మాటలు.

ఇద్దరు ముగ్గురు కూర్చుని, ప్రతివాళ్ళనీ ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు వేసి, ఎవరికి వారు 1 నుంచి 5 దాకా మార్కులు వేసుకుంటున్నారంటే అది స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ. 1998లో ష్మిట్, హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనల సమీక్షలో, ఎలాపడితే అలా సాగే మాటామంతీ కన్నా ఇది ఉద్యోగంలో పనితీరుని మెరుగ్గా అంచనా వేస్తుందని తేలింది. మార్కుల కాగితం మీద రాసుకోవడానికి వాళ్ళకి పట్టుకోదగ్గ మాట కావాలి. “ఆసక్తి ఉంది” అని రాసుకుంటే మార్కు పెరగదు. “24 నెలల డేటా మీద రెండు పద్ధతులు పోల్చారు” అని రాసుకుంటే పెరుగుతుంది. మీ మాటల మధ్యలో వాళ్ళు రాస్తుంటే ఒక్క క్షణం ఆగండి.

ఎదుట మనిషి లేకుండా వీడియో రికార్డు చేసి పంపే ఇంటర్వ్యూలో గడువు స్క్రీన్ మీద కనిపిస్తుంది. 90 సెకన్లు ఇస్తే 75లో ముగించేలా సాధన చెయ్యండి. గడువు అయిపోగానే రికార్డింగ్ తెగిపోయి, అన్నిటికన్నా బలమైన చివరి వాక్యమే పోతుంది. కాబట్టి ఈ ఫార్మాట్‌లో ఇప్పటికే చేస్తున్న పనిని మధ్యలోకి జరపండి.

జవాబు బట్టీ పట్టకండి. చిన్న కార్డు మీద నాలుగే మాటలు: ఈఆర్పీ, గోదాం, నెలవారీ ప్లాను, 24 నెలలు. వాక్యాలు అప్పటికప్పుడు కూర్చుకుంటేనే మాట సహజంగా ఉంటుంది.

తొలిమెట్టు

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు 80 సెకన్లకి వచ్చింది. చివర్లో “మమ్మల్ని ఏమైనా అడగాలా?” అంటే ఈ విషయం మీదే ఏం అడగొచ్చు?

పదునుపెన్సిల్

“ఈ పోస్టులో ఇంతకుముందు ఉన్నవాళ్ళు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారు?” ఇది మొదటిది. జవాబులో పనుల పేర్లు వస్తే సంతోషం. నీళ్ళు నమిలితే గుర్తుపెట్టుకోండి.

“ప్లానర్ నుంచి సీనియర్ ప్లానర్‌కి మారాలంటే దేన్ని చూస్తారు, ఎవరు నిర్ణయిస్తారు?” ఇది రెండోది. “ఎన్నాళ్ళు పడుతుంది?” అని మాత్రం మొదట అడగకండి, అది తొందరలా వినపడుతుంది. దేన్ని చూస్తారో చెబితే ఎన్నాళ్ళన్నది చాలాసార్లు అందులోనే వచ్చేస్తుంది.

తొలిమెట్టు

చివరిగా ఒక్కటి. “మా దగ్గర మూడేళ్ళదాకా పై పోస్టు ఖాళీ అవదు, అప్పుడేం చేస్తారు?” అని అడిగితే?

బల్లకటువైపు

అడుగుతారు. నేనైతే తప్పకుండా అడుగుతాను. “ఫర్వాలేదండీ” అని వెంటనే అనకండి, అంతసేపూ చెప్పిన లక్ష్యం ఉత్తదైపోతుంది. మొహం కూడా వాడనివ్వకండి. మీరు మొదటినుంచీ పని గురించే మాట్లాడారు కాబట్టి జవాబు సిద్ధంగానే ఉంది: “పోస్టు పేరు మారకపోయినా రెండో గోదాం ప్లానింగ్ బాధ్యత నాకు వస్తే నేను ముందుకు వెళ్తున్నట్టే. అలాంటి పని ఇప్పుడున్న పోస్టులోనే అప్పగించే వీలుందా?” అని తిరిగి అడగండి. అడిగాక మాట్లాడకుండా ఆగండి. ఆ మేనేజర్ చెప్పే జవాబుని బట్టి అక్కడ చేరాలో వద్దో మీరు తేల్చుకోవచ్చు.